మైనపు గొట్టంలో అమ్మ పాట

రాజమండ్రికి పాటలు పట్టే యంత్రం వచ్చిన ఏడాది నేను మిషన్ బడిలో పంతులుని. సెలవు దొరికితే చాలు, ఆ యంత్రం తెచ్చిన కాకినాడ ఆయన దగ్గర పని నేర్చుకునేవాణ్ణి. నేర్చుకోవడమంటే వెట్టిచాకిరీ అనుకోండి. పాట పడే మైనపు గొట్టాన్ని వెచ్చబెట్టాలి, సూది గీస్తుంటే రాలే పొట్టు తుడవాలి, పాడేవాళ్ళ వెనక నిలబడి భుజాలు పట్టుకోవాలి. గొంతు పైకి లేస్తే వెనక్కి లాగాలి, దిగితే యంత్రం బూరా దగ్గరికి తొయ్యాలి. పేరున్న భాగవతులు నన్ను తినేసేలా చూసేవారు. సాయంత్రానికి నా చేతులు పడిపోయేవి.

ఆ చాకిరీ అంతా అమ్మ కోసమే. అమ్మకు క్షయ. గొంతు ఉండగానే పట్టుకోవాలని నా ఆత్రం. ఆయన్ని బతిమాలి యంత్రాన్ని బండి మీద ధవళేశ్వరంలో మా ఇంటికి తీసుకెళ్ళాను.

బూరా ముందు నిలబెడితే అమ్మకు నోరు పెగల్లేదు.

"చేతిలో పనుంటే గాని పాట రాదురా నాకు" అంది.

బియ్యం చెరిగితే ఆ చప్పుడూ పడుతుంది. అందుకని ఖాళీ చేట ఇచ్చాను. అది ఆడిస్తూ ఆదివారం మిషన్ గుడిలో పాడే కీర్తన పాడింది. ఒక్క దగ్గూ రాలేదు.

కాకినాడ ఆయన ఊరు వదిలి వెళ్ళేటప్పుడు నా చాకిరీకి బదులు పాత యంత్రమొకటి నా మొహాన పడేశాడు.

"ఆ గొట్టం మెత్తటి మైనమండి పంతులుగారూ. వేసినప్పుడల్లా కొంచెం అరుగుద్ది. ఊరికే వెయ్యకండి" అన్నాడు.

అమ్మ పోయింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట: "అమ్మ పాట పట్టావంట కదా బాబూ, ఒక్కసారి వినిపించు." ఇంటికొచ్చిన మనిషికి లేదనడం మాకు చేతకాదు. మజ్జిగ ఇచ్చినట్టే పాటా వినిపించాం. పిన్ని ఏడ్చి ఏడ్చి ఇంకోసారి వెయ్యమనేది. నిడదవోలు నుంచి రైలెక్కి, అమ్మ ముఖమైనా ఎరగని చుట్టాలు వచ్చారు. లోపల ఒళ్ళు మండిపోయేది, పైకి "కూర్చోండి" అనేవాణ్ణి. నాన్న మాత్రం ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. "తర్వాత వింటాలే" అనేవాడు.

కోతల నాటికి గొంతు పలచబడింది. ఆ తర్వాత సూది గీరుడు మాత్రమే మిగిలింది.

ఒక మధ్యాహ్నం నాన్న కాలువ లాకుల దగ్గర పని దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని యంత్రం ముందు కూర్చున్నాడు.

"ఇవాళ వెయ్యరా."

"అరిగిపోయింది నాన్నా. ఏమీ వినబడదు."

"వెయ్యి."

వేశాను. బుస తప్ప ఏమీ లేదు. చూడలేక ఆపబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండరా, ఊపిరి తీసుకుంటోంది. ఇప్పుడు ఎత్తుకుంటుంది."