ఇల్లుబండికి సైరన్ తగిలించిన కథ

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాలో దొంగ అనేవాడు ఎలా బతికేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం అది. వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి ఇంటికి రాని ఏడాది, పాపం ఎవడో దొంగ కష్టపడి గోడ దూకి లోపలికి వస్తే, వాడికి దొరికేది సంకటి వండి కడిగి బోర్లించిన కుండ ఒకటి. అయినా అందరి ఇళ్లకూ తాళాలు ఉండేవి. (తాళం వేసి, చెవిని గుమ్మం పైన ఊరందరికీ తెలిసిన చోటే పెట్టి వెళ్లేవారు. మాకూ ఒక తాళం ఉందన్న పరువు కోసం తప్ప మరెందుకూ కాదు.) అలాంటి కాలంలో, అలాంటి చోట, ఒక బండిని దొంగల నుంచి కాపాడే యంత్రాన్ని ఎంపిక చేసే బాధ్యత నా నెత్తిన పడింది. నాకప్పుడు ఇరవై దాటాయి. మీసం మాత్రం రావాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

బండి మా జరీ మామది. మా అమ్మకు అన్న. ధర్మవరంలో పట్టుచీరలు నేయించి అమ్మేవాడు. పెళ్లి గురించి మాట్లాడినా చావు గురించి మాట్లాడినా చివరికి జరీ దగ్గరికి తెచ్చి ఆపేవాడు కాబట్టి ఊళ్లో ఆ పేరు పడింది. ముహూర్తాల కాలంలో చీరల పెట్టె మోసుకుని పల్లెల్లో పెద్ద రైతుల ఇళ్ల చుట్టూ తిరిగేవాడు. తనకల్లు నుంచి విడపనకల్లు దాకా ఆయన్ను కుట్టని లాడ్జి నల్లి లేదు. హోటలు సాంబారు ఆయన కడుపుకు పడదు. ఆయన ఒంటరిగా తిరగడం మా అత్తకు పడదు. ఇన్ని పడకపోవడాలకూ కలిపి ఒకే మందుగా, మామ ఎక్కడో వేలంలో ఒక పాత వ్యాను కొన్నాడు. వడ్రంగిని పెట్టి లోపల రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్వుకు ఒక బల్ల, అత్త బొట్టు దిద్దుకోవడానికి అద్దం, వెనక భాగంలో ఒక నీళ్ల డ్రమ్ము, చేతులు కడుక్కోవడానికి ఆ డ్రమ్ముకు బయటివైపు ఒక కొళాయి పెట్టించాడు. చీరల ట్రంకుపెట్టె మంచం కింద. ఊరు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది. మా నాయన మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇల్లు కదలకూడదనే గదరా పునాది తీసేది. మీ మామకు ఎవురు చెప్పల్ల ఆ మాట" అన్నాడు.

నేను మామ మగ్గాల్లో ఒకదాని మీద నేసేవాణ్ణి. గుంత మగ్గం. పొద్దున కాళ్లు గుంతలో పెట్టి కూర్చుంటే మళ్లీ పైకి తీసేది అన్నానికే. ఎలక్ట్రీషియన్ కోర్సు పాసై, సర్టిఫికెట్టుకు చట్రం కట్టించి గోడకు తగిలించినా, నా కాళ్లు మాత్రం గుంతలోనే ఉండిపోయాయి. ఆ గుంతంటే నాకు ఎంత విసుగో చెప్పలేను. అందుకే ఒకరోజు మామ వచ్చి, "రేయ్ కరెంటు, బండికి ఒక అలారం కావల్ల. దొంగ చెయ్యి పెడితే ఊరూరంతా లేసి రావల్ల. అట్లాంటిది చూసి తగిలించినావంటే బండిలో నాతోపాటు నువ్వే తిరుగుదువు. లేదంటే యాడికీ పోలేదు, నీ గుంత నీకుంది" అన్నప్పుడు, నాకు అది ఉద్యోగంలా కాదు, జైలు విడుదలలా వినిపించింది.

మొదట కుక్కను అనుకున్నాం. అది అత్త సలహా. వీధిలో కాస్త కోపిష్టిగా కనిపించినదాన్ని తెచ్చి బండిలో కట్టేసి, పక్కింటాయన్ను దొంగలాగా రమ్మని బతిమాలాం. ఆయన చాలా శ్రద్ధగా, తలకు తుండు చుట్టుకుని మరీ వచ్చాడు. కుక్క తోక ఊపి ఆయన చెయ్యి నాకింది. కాసేపటికి మామ భోజనానికి వస్తే మాత్రం గొలుసు తెంచుకునేంత పనిచేసింది. "కుక్కకు మనుషుల్ని పోల్చుకునేది బాగా తెలుసు" అని అత్త మెచ్చుకుంది. కుక్క ఆ సాయంత్రమే మళ్లీ వీధిలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత తలుపుకు కంచు గంట కట్టాం. తలుపు కదిలితే గంట మోగాలి. మోగింది. కానీ కదిరి రోడ్డు మీద ఆ బండిలో కదలనిది ఏదీ లేదన్న సంగతి మేము ఆలోచించలేదు. ధర్మవరం పొలిమేర దాటినప్పటి నుంచీ మోగుతూనే ఉంది. ఒక పల్లెలో దేవుడి బండి వచ్చిందనుకుని ఆడవాళ్లు టెంకాయలతో ఎదురొచ్చారు. మామ దిగి, ఇది చీరల బండి తల్లీ అని చెప్పినా ఒకావిడ టెంకాయ వెనక్కి తీసుకోలేదు. "దేవునికని తెచ్చినేది మళ్లా ఇంటికి తీసకపోకూడదప్పా, నువ్వే పెట్టుకో" అంది. (ఆ మధ్యాహ్నం అత్త చేసిన చట్నీ రుచి నాకు ఇప్పటికీ గుర్తు. భక్తిగానే తిన్నాం.) గంట కూడా రద్దయింది.

ఇక నేను బెంగళూరు వెళ్లాను. పాత మోటారు సామాన్ల సందులో ఒక కొట్టాయన నా ముందు రకరకాల అలారాలు పరిచాడు. ఒకటి పిచ్చుకలా కూసింది. ఇంకొకటి సైకిలు బెల్లుకు అన్నలాగా ఉంది. చివరికి ఆయన బల్ల కింద నుంచి రెండు చేతులతో ఒక ఇనుప సైరన్ ఎత్తి, దుమ్ము ఊది, "ఇదు కూగిదరె ఊరే ఓడి బరుత్తె" అన్నాడు. ఇది అరిస్తే ఊరే పరుగెత్తుకొస్తుందని. మామ అడిగింది అచ్చంగా అదే కదా. ఇంకేమీ ఆలోచించలేదు. (ఆ కొట్టాయన నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదని ఇక్కడ ఒప్పుకోవాలి.)

దాన్ని బండి పైకప్పు మీద బిగించాను. తలుపు తెరిస్తే మోగేలా తీగలు లాగాను. దొంగ పీకెయ్యకుండా బ్యాటరీని మంచం కింద చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేశాను. సైరన్‌ను ఆపే స్విచ్చు దొంగ కంటపడకూడదని దాన్ని తీసుకెళ్లి చీరల ట్రంకుపెట్టెలోనే పెట్టాను. పెట్టెకు తాళం. తాళంచెవి అత్త నడుముకు. అంత పకడ్బందీ ఏర్పాటు జిల్లాలో ఇంకెక్కడా ఉండదని మామే అన్నాడు. నేను అప్పుడే గుంతలోంచి రెండు కాళ్లూ బయట పెట్టేసినట్టు సంబరపడిపోయాను.

మొదటి ప్రయాణం విడపనకల్లు పక్క ఒక పల్లెకు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. అక్కడ ఒక పెద్దాయన ఇంట్లో మనవరాలి పెళ్లి. బండిని వాళ్ల ఇంటికి కాస్త ఎడంగా, బడి గోడ నీడలో ఆపాం. మామా అత్తా కొన్ని చీరలు చేత పట్టుకుని లోపలికి వెళ్లారు. నన్ను బయట కాపలా ఉండమన్నారు. కాసేపటికి మామ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఇంకా పెద్ద అంచు చీర కావాలన్నారట. ఆ తొందరలో, ముందు అత్త దగ్గర తాళంచెవి తీసుకోవాలని నేను పదే పదే చెప్పిన మాట మరిచి, తలుపు లాగేశాడు.

ఆ పల్లెల్లో తాలూకా నుంచి నీళ్ల లారీ వస్తుండేదని మాకు తెలుసు. ఆ లారీకి హారన్ చెడిపోతే డ్రైవరు ఎక్కడి నుంచో ఒక పాత సైరన్ తెచ్చి తగిలించుకున్నాడని మాత్రం తెలియదు. లారీ వచ్చి అప్పటికి చాలా రోజులైందట.

నేను ఎన్నో జాతరలు చూశాను కానీ అంత తొందరగా పోగైన జాతరను చూడలేదు. బిందెలు, కుండలు, బకెట్లు, వంట గిన్నెలు, అప్పుడే కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ బిందెలు. బడి పంతులు ఎక్కాలు సగంలో ఆపి బకెట్టుతో వచ్చాడు. మామ రెండు చేతులూ ఎత్తి, "నీళ్ల బండి కాదు తల్లీ, చీరల బండి ఇది" అని అరుస్తున్నాడు. పైన సైరన్ ఊళ పెడుతుంటే ఆయన నోరు కదలడమే తప్ప మాట ఎవరికీ వినిపించడం లేదు. వినిపించిన ఒకావిడ కూడా నమ్మలేదు. "అట్లనే చెప్తారు. మాకు లేవని చెప్పి పెద్దోళ్ల తొట్లకు తోల్తారు. మాకు తెల్దా" అంది. ఇంతలో ఎవరో వెనక్కి వెళ్లి కొళాయి చూశారు. తిప్పారు. నీళ్లు వచ్చాయి. ఇక ఆ తర్వాత మామ ఏం చెప్పినా దండగే.

నేను అత్త కోసం పరుగెత్తాను. పెద్దాయన ఇంట్లో ఎవరూ లేరు. మామ పరిచిన చీరలు అరుగు మీద అలాగే పడి ఉన్నాయి. ఇల్లంతా వెతికి బయటికొచ్చి చూస్తే, మా అత్త మా బండి వెనకాలే, ఎవరో చేతిలో పెట్టిన బిందె చంకన పెట్టుకుని వరసలో నిలబడి ఉంది. ముందున్న ఆవిడతో జాగా కోసం పోట్లాడుతోంది కూడా.

"అత్తా, ఇది మన బండే."

"తెలుసులేరా, ఇప్పుడే చూస్తి. ఊరికి నీళ్లొచ్చినాయని అందరూ ఉరుకుతాంటే నేనొక్కదాన్నే గమ్మున కూర్చోనుండల్లనా" అంటూ, జాగా పోతుందని బిందెను నేల మీద పెట్టి మరీ తాళంచెవి తీసిచ్చింది.

పెట్టె తెరిచి స్విచ్చు నొక్కాను. ఆ సైరన్ ఒక్కసారిగా ఆగే రకం కాదు, మూలిగి మూలిగి ఆగింది. సరిగ్గా అప్పుడే డ్రమ్ము కూడా అయిపోయింది. అత్త వంటకని, తాగడానికని ధర్మవరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు నలుగురైదుగురి బిందెల్లోకి పోయాయి. తక్కినవాళ్లు ఖాళీ బిందెలతో బండి లోపలికి తొంగి చూశారు. మంచాలు, స్టవ్వు, అద్దం కనిపించాయి. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. నా ప్రాణం చచ్చిపోయింది. పెద్దాయన మాత్రం మామతో, "నీళ్ల బండి కూత పెట్టుకోని తిరిగేది మంచిది కాదప్పా. చీరల సంగతి రేపు చూస్తాంలే" అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక ఒక అవ్వ వచ్చింది. కాళ్లు సరిగా సాగవు కాబోలు, అడుగులో అడుగు వేసుకుంటూ, మట్టి కడవ ఒకటి పట్టుకుని వచ్చింది. కొళాయి తిప్పి చూసింది. నా వైపు తిరిగి, "అయిపోయినాయా నాయనా. మళ్లా రేపు తెస్తావా" అంది. తల ఊపాను.

బండి రెండో గేరు దాటకుండా నడుపుతూ (మూడో గేరు ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు) మామ తీర్పు చెప్పాడు. "రేయ్ కరెంటు, ధర్మవరం పోతానే నువ్వు గుంతలోకి దిగు." అత్త అంది, "దిగుతాడులే. రేపు ఆ పెండ్లి చీరకు మళ్లా పోవల్ల గదా. నీళ్లు లేకుండా ఆ ఊరికి నేను మాత్రం రాను. ఆ ముఖాలు నేను చూడలేను." మామ జరీ గురించి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. మరునాడు పొద్దున దారిలో బోరు ఉన్న ఒక తోటలో ఆపి, మా డ్రమ్ము నింపి, అడిగి తెచ్చిన ఇంకో రెండు డ్రమ్ములను అత్త మంచం విప్పేసి అక్కడ పెట్టి, అవీ నింపాను.

బడి గోడ దగ్గర బండి ఆగగానే నేనే, ఈసారి కావాలనే, సైరన్ మోగించాను. ఛాతీ విరుచుకుని మరీ మోగించాను. ఒక్కరు రాలేదు. అరుగు మీద పడుకున్నాయన తల ఎత్తి చూసి, అటు తిరిగి పడుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగాను. "నిజంగానే నీళ్లు తెచ్చినామక్కా, రాండి" అని తలుపులు తట్టాను. "నిన్న ఒగసారి ఉరికితిమి గదప్పా, దినామూ ఉరకల్లనా" అని ఒకావిడ లోపలి నుంచే జవాబిచ్చింది.

సైరన్ ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. నీళ్లు తెచ్చినా రానివాళ్లు ఇక దొంగ వచ్చినా రారని మామ తేల్చేశాడు. దాన్ని పీకించి అటకెక్కించాడు. నన్ను మాత్రం పీకలేదు. బండిలో డ్రమ్ములు నింపడానికి ఒక మనిషి కావాలని అత్త పట్టుబట్టింది. ఆ తర్వాత మేము ఏ పల్లెలో ఆగినా కొళాయి చుట్టూ ఎప్పుడూ నలుగురు ఉండేవాళ్లు. వాళ్లను దాటుకుని చీరల దాకా వెళ్లగల దొంగ ఇంకా పుట్టలేదు. చట్రం కట్టించిన సర్టిఫికెట్టుతో అలా నేను నీళ్లు మోసుకుని బతికాను. గుంతలోకి మళ్లీ దిగలేదు.

కానీ ఆ రోజు అవేవీ నాకు తెలియవు. ఇల్లిల్లూ తిరిగి, గొంతు పోగొట్టుకుని, ఏడుపు మొహంతో బండి దగ్గరికి వచ్చేసరికి, కొళాయి పక్కన నేల మీద నిన్నటి అవ్వ కడవ ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఊరంతటికీ ఒక్కరైనా నా సైరన్‌ను నమ్మారు కదా అనుకుని కడవ నింపుతూ, "సైరన్ విని వచ్చినావా అవ్వా" అని అడిగాను. పలకలేదు. వంగి చెవి దగ్గర అరిచాను. అప్పుడు నవ్వింది.

"సైరనా. నాకు చెవులు వినపడక శానా కాలమాయె నాయనా. నిన్న అందరూ పోతాంటే చూసి వస్తి. తెస్తావా అంటే నువ్వు తల ఊపితివి గదా. అందుకే పొద్దున్నుంచీ ఈడనే కూర్చోనుండా."

ఆ ఇరవై ఏళ్ల కరెంటును ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఒక మనిషిని పిలవడానికి ఒకసారి తల ఊపితే సరిపోతుందని తెలియక, పిచ్చివాడు బెంగళూరు దాకా వెళ్లి, బస్సులో అంత బరువు ఒడిలో పెట్టుకుని వచ్చాడు.