నారాయణగూడకు పొమ్మన్నాను

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అమ్మ అంటుంది. లెక్కల సారు ఎట్లా నడుస్తాడో ఆయన వెనకే నడుస్తూ క్లాసుకు చూపిస్తుంటే ఆయన వెనక్కి తిరిగాడు. అంతే, నా చదువు సమాప్తం. ఆ తర్వాత చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక కిరాయి సైకిళ్ల దుకాణంలో చేరాను. పంక్చర్లు వెయ్యడం, గాలి కొట్టడం, గంటల లెక్కన సైకిళ్లు ఇవ్వడం నా పని. నవ్వించడం నా పని కాదు గాని, ఎవరూ అడగకుండానే అదీ చేసేవాణ్ణి.

దుకాణం ముందు ఒక బెంచీ ఉండేది. దాని మీద నా దోస్తులు ముగ్గురు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లు. పోయేవాణ్ణి పోతుంటే, వచ్చేవాణ్ణి వస్తుంటే వెక్కిరించడమే వాళ్ల ఉద్యోగం. అందరికీ కలిపి ఒక ఆట ఉండేది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి ఎవరైనా "ఏవండీ, ఫలానా వారి ఇల్లు ఎక్కడండీ" అని అడిగితే, ఆ ఇల్లు వెనక సందులోనే ఉన్నా సరే, ఊరంతా తిప్పి పంపేవాళ్లం. ఆ మనిషి అరగంట తిరిగి తిరిగి, చెమటలు కక్కుతూ, మళ్లీ మా బెంచీ దగ్గరికే తేలేవాడు. ఒక్కసారిగా నవ్వేవాళ్లం. కాని ఆటకు ఒక కట్టుబాటు ఉంది. వెనక్కి వచ్చిన మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టాలి, కుండలోంచి చల్లటి నీళ్లియ్యాలి, పక్క హోటల్ నుంచి చాయ్ చెప్పాలి, మాలో ఒకడు లేచి వెంట వెళ్లి ఆ ఇంటి గడప చూపించి రావాలి. అట్లా దోస్తులైపోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లే తర్వాత మా బెంచీ మీద కూర్చుని ఇంకొకర్ని తిప్పి పంపేవాళ్లు.

అరవై తొమ్మిది వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కావాలని బందులు, ఊరేగింపులు, లాఠీలు, గోడల మీద రాతలు. ఆ కోపానికి కారణాలున్నాయి. మా బెంచీ మీదే ఒకడు డిగ్రీ పట్టుకుని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు, ఆ ఒక్కడి ముఖం చూస్తే చాలు. ఆ కోపాన్ని నేను ఈరోజుకీ తప్పు పట్టను. నేను చెప్పేది మా ఆట సంగతి. ఆట ఆగలేదు. కుండలోంచి నీళ్లివ్వడం ఆగిపోయింది. చాయ్ ఆగిపోయింది. వెంట వెళ్లి గడప చూపించడం ఆగిపోయింది. ఇది కావాలని ఎవరం చెప్పుకోలేదు. ఒకరోజు ఒకాయన తిరిగి వస్తే ఎవరూ లేవలేదు, అంతే. మర్నాటి నుంచి అదే కట్టుబాటు అయిపోయింది.

ఎండాకాలం. ఆ రోజు బందు. మా ఓనరు షట్టరు సగం దించి, కింది నుంచి వ్యాపారం నడిపిస్తున్నాడు. రోడ్డు మీద రిక్షా లేదు, బస్సు లేదు. అప్పుడొకాయన సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, తెల్ల ప్యాంటు, ఆఫీసు మనిషి. వెనక క్యారేజీ మీద మడతపెట్టి తాడుతో కట్టిన గోనెసంచి, దాని మీద ఒక ఆడమనిషి. ఎండకు కొంగు తల నిండా కప్పుకుని, ముందుకు వంగి కూర్చుంది.

"ఏవండీ, ఆయాసానికి మందిచ్చే డాక్టరు గారు ఒకాయన ఇక్కడే ఎక్కడో ఉంటారంట. ఇల్లు కాస్త చెబుతారా?" అన్నాడాయన.

ఆ డాక్టరు మా దుకాణం వెనక రెండో సందులో ఉండేవాడు. ఆయనదీ కోస్తానే. గొడవల భయంతో బోర్డు పీకి లోపల పెట్టుకున్నాడు, అందుకే జనం అడగాల్సి వచ్చేది. మా అమ్మ దగ్గుకు మందు ఆయనదే. బెంచీ మీద ముగ్గురికీ జ్వరాలొస్తే పరుగెత్తేదీ ఆయన దగ్గరికే.

దోస్తులు నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. జనం నవ్వడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నా నోరు నా మాట వినదు.

"డాక్టరా? గిక్కడేడున్నడన్నా! సీదా నారాయణగూడకు పో. చౌరస్తా దాటినంక ఎడమకు మూడో గల్లీ. ఎవర్నడిగినా చెప్తరు."

"దూరమాండీ?"

"ఏం దూరమన్నా, గిట్ల పోయి గట్ల వచ్చుడే!"

"చాలా థాంక్సండీ," అని ఆయన సైకిల్ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ ఆడమనిషిని సరిగా చూడలేదని చాలామందికి చెప్పాను. అబద్ధం. చూశాను. ముఖం కనపడలేదు గాని, ఆమె చెయ్యి సీటు కింది స్ప్రింగును పట్టుకుని ఉంది. వేళ్లు తెల్లగా అయ్యేంత గట్టిగా. వీపు పైకి లేస్తోంది, పడుతోంది. పంక్చర్లు వేసేవాడికి ఊపిరి సంగతి తెలియదా? గాలి పోతున్న చప్పుడు ఎంత చిన్నదైనా పట్టే చెవి నాది.

అరగంట అయింది. వాళ్లు తిరిగి రాలేదు. గంట అయింది.

"ఏందిరా, ఈ పార్టీ ఫేలా?" అన్నాడొకడు.

"డాక్టరు నిజంగనే దొరికిండేమో గాడ!" అన్నాడు ఇంకొకడు. నవ్వారు. నేనూ నవ్వాను, పళ్లు మాత్రమే.

ఇక కూర్చోలేక ఒక కిరాయి సైకిల్ తీసుకుని నారాయణగూడ వెళ్లాను. చౌరస్తా దాటి ఎడమకు మూడో గల్లీ. నోటికొచ్చి చెప్పిన గల్లీ నిజంగా ఉంది. అన్ని తలుపులూ వేసి ఉన్నాయి. ఒక మేడ మీద కిటికీ కొంచెం తెరిచి ఉంటే, "అమ్మా, సైకిల్ మీద ఒకామెను తీసుకుని ఎవరన్నా వచ్చిండ్రా?" అని అడిగాను. కిటికీ టప్పున మూసుకుంది. అప్పుడు గొంతు మార్చాను. కోస్తా వాళ్లను వెక్కిరించడానికి అరగదీసిన గొంతు అది. "ఏవండీ, పిన్నిగారూ, మా అన్నయ్యా వాళ్లండీ, వదినగారికి ఒంట్లో బాగోలేదండీ..." కిటికీ తెరుచుకుంది.

"వచ్చారు నాయనా. తలుపు కొట్టారు. ఎవరో ఏమో, రోజులు బాగాలేవు కదా, తియ్యలేదు. మనవాళ్లని తెలిస్తే తీసేదాన్నే," అందావిడ.

మనవాళ్లు! నా జీవితంలో ఎవర్నీ నవ్వించకుండా వేసిన వేషం అదొక్కటే. ఆమె మీద మండిపోయింది. మండి ఏం లాభం, వాళ్లను ఆమె గడపకు పంపింది ఎవడు?

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.

"నిన్న ఆయాసంతో ఎవరన్నా వచ్చిండ్రా సారూ?"

"వచ్చారు. సాయంత్రం. గోళ్లు నీలంగా అయిపోయాయి. ఇంజక్షన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పొమ్మన్నాను. అక్కడిదాకా ఎలా వెళ్లారో, ఏమైందో. ఎవరో నారాయణగూడ అని చెప్పారట, అక్కడ ఇంకెవరో చెబితే అంతదూరం నుంచి తిరిగొచ్చారు పాపం." తువ్వాలుతో చేతులు తుడుచుకుని నా వైపు చూశాడు. "మీ అమ్మకి దగ్గు తగ్గిందా?"

తగ్గిందన్నాను. ఆ మనుషుల పేరు, ఊరు ఆయనకూ తెలియదు.

ఆమె బతికిందా లేదా? ఆ ప్రశ్న పెట్టుకుని రెండు నెలలు తిరిగాను. అసలు చిరాకు అది కూడా కాదు. ఎవరికి చెప్పినా నన్ను టక్కున క్షమించెయ్యడం. దోస్తులకు చెప్తే, "నువ్వు పొమ్మంటే ఆయన పోయిండు. ఇంకొకర్ని అడగనీకి ఆయనకు అకల్ లేదా?" అన్నారు. ఓనరుకు చెప్తే, "మన నౌకరీలన్ని గుంజుకున్నరు గద, జర తిరగనీ తియ్యి," అన్నాడు. సీటు స్ప్రింగు పట్టుకుని వేలాడిన ఆ మనిషి ఎవరి నౌకరీ గుంజుకుంది? అశోక్ నగర్‌లో మా ఇంటికి పోయి అమ్మకు చెప్తే, ఆమె చేస్తున్న రొట్టె పెనం మీదే వదిలేసి నా ముఖం చూసింది. తిడుతుందనుకున్నా. తిడితే బాగుండేది.

"దేవునికి దండం పెట్టుకో బిడ్డా. పోతది," అంది.

"ఏం పోతదే? దేవునికి ఆయాసమొచ్చిందా?"

"నోరు ముయ్యి. రొట్టె మాడుతున్నది."

నాది కాని సైకిల్‌ను నేను ఎవరికైనా దానం చేస్తే ఊరుకుంటారా? మరి ఊపిరాడనిది ఆమెకైతే, వీళ్లంతా ఎవరు నన్ను క్షమించడానికి? ఇంతమంది మంచివాళ్ల మధ్య ఉండి తప్పు చెయ్యకూడదు. మాట పూర్తికాకముందే భుజం తట్టి పంపించేస్తారు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. వెనక టైరు పంక్చరు. ముఖం కంటే ముందు గోనెసంచిని గుర్తుపట్టాను. అదే మడత, అదే తాడు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజు ఆయన విన్నది దారి, చూసింది రోడ్డు.

చక్రం విప్పి, టైరు ఊడదీస్తూ అడిగాను. "ఎక్కడుంటరన్నా?"

ఆయన కొంచెం ఆగాడు. ఆ రోజుల్లో అది చిన్న ప్రశ్న కాదు. "గాంధీనగర్లోనండి. పిండిమర వెనకాల. బదిలీ మీద వచ్చామండి."

"ఆ అక్క... ఎండాకాలంల సైకిల్ మీద తీస్కొచ్చినవు గద, ఆయాసమని... ఎట్లున్నదన్నా?"

"మా అక్కయ్యాండీ? బాగానే ఉందండి. నాలుగడుగులు వేస్తే ఆగాలి, అంతే. మీకెలా తెలుసండీ?"

బతికింది. రెండు నెలల తర్వాత నిండా గాలి పీల్చుకున్నాను. ఆ గాలితోనే చెప్పేశాను.

"నారాయణగూడకు పొమ్మన్నది నేనే."

ఆయన నన్ను చూశాడు, బెంచీ మీద ముగ్గుర్నీ చూశాడు, రోడ్డు వైపు చూశాడు. వెళ్లిపోదామంటే చక్రం నా దగ్గరుంది.

"పర్లేదండీ. ఏదో తెలియక చెప్పుంటారు."

"తెల్వక కాదన్నా. తెలిసే చెప్పిన. డాక్టరు ఇల్లు ఈ వెనకనే."

"అబ్బే, పర్లేదండీ, పర్లేదు. మా మనసులో ఏం లేదండీ. కాస్త ఆ చక్రం వేసేస్తే వెళ్లిపోతానండీ."

అప్పుడు నా చేతిలోకి చూసుకున్నాను. టైరు ఊడదీసే ఇనుప పట్టీ. దాన్ని పట్టుకుని, ముగ్గురు మనుషుల్ని పక్కన పెట్టుకుని, ఆయన బండి విప్పేసి, నన్ను క్షమించమని అడుగుతున్నాను! ఆయన ఇవ్వక ఏం చేస్తాడు? దారిలో అడ్డగిస్తే చేతి గడియారం ఇచ్చేసినట్టు ఇచ్చేశాడు.

ఆయన వెళ్లాక ఒక దోస్తు నా వీపు మీద చరిచాడు. "అయిపాయె! మాఫ్ చేసిండు గద. ఇగ చాయ్ తాపించు!"

ఆ ఇనుప పట్టీ గోడకేసి కొట్టాను. నేను కోపంలో కూడా తమాషా చేస్తున్నాననుకుని వాళ్లు నవ్వారు. నన్ను నేను అట్లా తయారుచేసుకున్నాను, ఎవర్ననాలి?

ఇక అడగాల్సింది ఆమెనే. గాంధీనగర్‌లో పిండిమర దాకా మూడుసార్లు వెళ్లి, పిండి పట్టించుకునేవాడిలా నిలబడి, తిరిగొచ్చాను. నాలుగోసారి, ఆయన ఆఫీసుకు వెళ్లే వేళ దాటాక, ఇంటి ముందుకు వెళ్లాను. ఆమె గడప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. యాభై ఏళ్లుంటాయి. ముఖం అప్పుడే చూడటం. మామూలు ముఖం, కళ్లజోడు, ముక్కు పక్కన పుట్టుమచ్చ.

"ఎవరు కావాలి బాబూ?"

దారి పొడుగునా నేర్చుకున్న మాటలున్నాయి. అక్కా, తప్పయింది, నువ్వు తిట్టినా సరే. అన్నీ గొంతులో ఉన్నాయి. బెంచీ లేదు, దోస్తులు లేరు, నవ్వేవాళ్లు ఒక్కరూ లేరు. నోరు అప్పుడూ నా మాట వినలేదు.

"ఈడ పోస్టాఫీసు ఎక్కడక్కా?"

"పోస్టాఫీసా?" ఆమె చేట పక్కన పెట్టి, గుమ్మం పట్టుకుని లేచింది. "నోటితో చెబితే తెలీదు బాబూ, ఈ సందులన్నీ ఒకలాగే ఉంటాయి. రా, మలుపు దాకా వచ్చి చూపిస్తా."

"వద్దక్కా! నేనే వెతుక్కుంట."

"ఎక్కడని వెతుకుతావు? కొత్తచోట దారి తెలీకపోతే ఎంత అవస్థో నాకు తెలుసులే. రా."

నడిచింది. నేను వెనకే. నాలుగిళ్లు దాటాక గోడ మీద చెయ్యి వేసి ఆగింది. లోపల్నుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు. "ఏం లేదు, ఇలాగే వస్తుంది," అని నాకే ధైర్యం చెప్పింది. మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. అప్పుడైనా చెప్పొచ్చు. ఊపిరి కూడదీసుకుంటున్న మనిషికి ఏమని చెప్పను? వినడానికి కూడా ఊపిరి కావాలి. అసలు ఎందుకు చెప్పాలనుకున్నాను, ఆమె కోసమా, నా నిద్ర కోసమా?

మలుపు దగ్గర చెయ్యి చాపింది. "అదిగో, ఆ నీలం గేటు దాటి ఎడమకి తిరుగు. ఎదురుగానే మెట్లు."

నేను తల ఊపి నడిచాను. తల పనిచేస్తే గదా. గేటు దాటి కుడికి తిరిగాను.

"అటు కాదు బాబూ! ఎడమకి! ఎడమకి!"

ఆ గొంతు, ఆ ఊపిరితో, సందు చివరి దాకా వచ్చింది. వెనక్కి చూస్తే ఆమె గోడకు ఆనుకుని, రెండో చేత్తో ఎడమవైపు చూపిస్తూ నిలబడి ఉంది. నేను సరిగా వెళ్లేదాకా కదిలేట్టు లేదు. నాకోసం అంత ఊపిరి ఖర్చు పెడుతున్నందుకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఎడమకు తిరిగాను. ఏ ఉత్తరమూ లేకుండా పోస్టాఫీసు మెట్లెక్కాను.