ఎర్ర దీపం మీద నల్ల టేపు

మావారికి కంటి ఆపరేషన్ అయ్యాక మా పాత కారు స్టీరింగు నా చేతికొచ్చింది. తిరువూరులో నేను టీచర్ని. బడికీ, చర్చికీ, చుట్టుపక్కల ఊళ్లలోని చుట్టాల ఇళ్లకీ అందులోనే తిరిగేవాళ్లం. ఒకరోజు బడి దగ్గర మలుపు తిరుగుతుంటే స్పీడోమీటరు పక్కన ఎర్ర దీపం వెలిగింది. బ్రేకు గుర్తు. కారు తిన్నగా అవగానే ఆరిపోయింది. మర్నాడు అదే మలుపులో మళ్లీ వెలిగింది.

మాకు తెలిసిన మెకానిక్ చూసి, "హ్యాండ్‌బ్రేకు స్విచ్చి లూజై ఉంటుందండి" అని కొత్తది వేశాడు. కొన్నాళ్లకే దీపం తిన్నని రోడ్డు మీద కూడా వెలగడం మొదలుపెట్టింది. ఈసారి బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో బ్రేకు ఆయిలు తగ్గి ఉంది. పోశాడు. దీపం ఆరింది.

"కింద ఎక్కడా కారట్లేదు మేడం. పాత బండి కదా, భయపడకండి."

నాకు మాత్రం మనసొప్పలేదు. రోజూ పొద్దున్నే వంగి కారు కింద చూసేదాన్ని. సిమెంటు నేల పొడిగా ఉండేది. బానెట్ ఎత్తితే ఆయిలు మాత్రం ఇంకాస్త కిందికి దిగి ఉండేది. కారకుండా, ఆవిరైపోకుండా అది ఎటు పోతోంది? పిల్లలకు పాఠం చెబుతున్నా అదే ఆలోచన.

విస్సన్నపేటలో మా అక్క ఇంట్లో ప్రార్థన కూడిక ఉన్న రోజు, కారెక్కేసరికి ఎర్ర దీపం ఉండే చోట నల్ల టేపు అంటించి ఉంది.

"ఏంటండి ఇది?"

"నువ్వు రోడ్డు చూడట్లేదు, దాన్నే చూస్తున్నావు. ఏం లేదని మెకానిక్ చెప్పాడుగా" అన్నారు మావారు.

పీకేద్దామనుకున్నాను. కానీ అక్కడ చీకటిగా ఉంటే నిజంగానే కాస్త హాయిగా అనిపించింది. అలాగే బయల్దేరాం.

ఊరు దాటాం. రెండువైపులా మామిడి తోటలు. ముందు ఒక షేర్ ఆటో జనాన్ని ఎక్కించుకోవడానికి రోడ్డు మీదే ఆగింది. బ్రేకు తొక్కాను. పెడల్ బురదలో కాలు దిగినట్టు మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. కారు తగ్గినట్టే తగ్గింది, ఆగలేదు.

"ఆపు! ఆపు!"

"ఆగట్లేదండి!"

గేరు తగ్గించి హ్యాండ్‌బ్రేకు లాగాను. బండి ఒక పక్కకి ఈడ్చుకుపోతూ ఆటో వెనక చక్రాన్ని రాసుకున్నంత దగ్గరగా దాటి, తోట కంచె దగ్గర మట్టిలో ఆగింది. ఆటో అతను ఏదో అరిచి వెళ్లిపోయాడు. మావారు మెల్లగా చెయ్యి చాపి టేపు పీకారు. కింద దీపం ఎర్రగా, నిలకడగా వెలుగుతోంది. ఎప్పట్నుంచి వెలుగుతోందో మాకు తెలీదు.

ఫోన్ చేస్తే మెకానిక్ బైకు మీద వచ్చాడు. వెనక ఎడమ చక్రం విప్పి, దాని వెనకుండే గిన్నెలాంటి బ్రేకు డ్రమ్ము ఊడదీసి మాకు చూపించాడు. లోపలంతా తడి. చక్రం దగ్గరుండే చిన్న సిలిండరు లీకై, ఆయిలు బయటికి చుక్క కారకుండా డ్రమ్ములోనే చేరి, చక్రాన్ని ఒత్తి ఆపే బ్రేకు షూలని నానబెట్టింది.

"కింద కారట్లేదని చక్రం విప్పలేదు మేడం. విప్పాల్సింది" అన్నాడు. అతని గొంతు తగ్గిపోయింది.

కారుని షెడ్డుకి లాక్కెళ్లాడు. రెండు వెనక చక్రాలకీ కొత్త సిలిండర్లూ షూలూ వేశాక బ్రేకులు బాగయ్యాయి. ఆ రోజు మాత్రం మేము కూడికకి వెళ్లకుండా బస్సులో ఇంటికొచ్చాం. దారంతా మావారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఊరు దగ్గరపడుతుండగా అడిగారు.

"ఆ ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్లని చూశావా?"

"లేదండి. నేను రోడ్డే చూశాను."

"నేను చూశాను. ఒకామె ఒళ్లో పసిపిల్లతో కూర్చుని మనవైపే చూస్తోంది" అన్నారు.