ఇంజన్ చప్పుడుకు అలవాటైన కుక్కలు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పే ధైర్యం వచ్చింది.

మొయినాబాద్ అవతల పొలాల మధ్య చిన్న విమానాలు దిగే రన్‌వే ఒకటి ఉండేది. నేను అక్కడ కాపలా. విమానం వచ్చే వేళకు రన్‌వే మీద కుక్కా పందీ నెమలీ లేకుండా చూడటమే నా పని. నెమళ్లు అదిలిస్తే పోతాయి. కుక్కలు మొండివి, కంచె కింద మట్టి తవ్వి మళ్లీ దూరతాయి.

వాటి వెంట ఉరికి ఉరికి విసుగొచ్చి ఒక ఉపాయం పన్నాను. చేవెళ్ల రోడ్డు మీద చికెన్ షాపు నడిపే యాదన్నను బతిమాలి, రోజూ సంచెడు కోడి తలకాయలూ బొక్కలూ, అదే ఎముకలూ, తెచ్చుకునేవాణ్ణి. ఇంజన్ చప్పుడు వినపడగానే పడమటి కొసన కంచె అవతల కుమ్మరించేవాణ్ణి. కుక్కలన్నీ అక్కడికి చేరేవి, విమానం హాయిగా దిగేది. నేను వచ్చాక కుక్కల బాధ తప్పిందని రన్‌వే నడిపే సారు మెచ్చుకున్నారు. ఉపాయమేమిటో నేను ఆయనకు చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గాంధీ జయంతి నాడు మాంసం దుకాణాలన్నీ బంద్. సంచి లేదు. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకుని షెడ్డు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాను. చప్పుడు వినపడింది. కుక్కలు పడమటి కొసకు వెళ్లి, అక్కడ ఏమీ లేక, నన్ను చూసి రన్‌వే మీదుగానే ఉరికొచ్చాయి. అరిచాను. కర్ర ఎత్తాను. అవి తోకలూపాయి! అయ్యో, నన్ను చూసి తోకలూపాయి. విమానం చక్రం ఒక కుక్కను కొట్టింది, ఒక్క ఊపున విమానం తిరగబడింది. అందులో విమానం నడపడం నేర్చుకుంటున్న అమ్మాయి ఉంది, ఆమె కాలు నుజ్జయింది. మళ్లీ ఎగరలేదట.

కంచె దగ్గర కోడి బొక్కలు చూసి ఎక్కడివని సారు అడిగారు. యాదన్న పారబోస్తున్నాడని, ఎంత చెప్పినా వినడం లేదని అనేశాను. తడబడలేదు కూడా. నా నోరేనా అది? అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, నాది మరీ బాగా అతికింది. వారంలో షాపు మూయించారు.

యాదన్న నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వడిగితెనే ఇచ్చిన గద తమ్మీ. ఒక్క మాట చెప్పరాదు?"

"నాకేం తెల్వదన్నా."

తిడతాడనుకున్నాను. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

నౌకరీ పోతుందనే భయంతో చేశానా? ఏడాది తిరగకుండా రన్‌వే మూతపడి ఆ నౌకరీ ఎలాగూ పోయింది. మరి ఆ తరువాతైనా ఎందుకు నోరు విప్పలేదు? యాదన్న ఇప్పుడు ఎవరివో కోళ్ల వ్యాన్లకు బుట్టలు మోస్తున్నాడు. ఊళ్లో ఇప్పటికీ, విమానం పడగొట్టినోడని అతన్నే అంటారు. నా ముందే అంటారు. నేను తల ఊపుతాను.

యాదన్న ఏనాడూ ఆ కంచె దగ్గరికి రాలేదు. బొక్కలు పోసింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఇదే మాట అతని ముందు నిలబడి అనగలనా? ఇవాళ పొద్దున కూడా ఎదురుపడ్డాడు, చాయ్ తాగుతావా తమ్మీ అని అడిగాడు. తాగాను.