పిట్ట ముట్టని విస్తరి

ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. ఒక తల్లికి చేరాల్సిన మాట. ఏళ్ల తరబడి దాన్ని గుండెలో పెట్టుకుని తిరిగాను. ఆ తల్లి ఈ ఎండాకాలం పోయింది. ఇక ఇద్దామన్నా మనిషి లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు ఆమెను ఎరగరు, నన్నూ ఎరగరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నేను కామారెడ్డిలో సైన్స్ టీచర్‌ని. దేవుణ్ణి నమ్మను, మనిషిని నమ్ముతాను అని చెప్పుకుంటాను. సెలవుల్లో ఊళ్లు తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించి, ఇందులో మహిమ గిహిమ ఏమీ లేదని చెప్పేవాణ్ణి. చివర్లో తప్పకుండా ఒకటి అనేవాణ్ణి. సాటి మనిషి కన్నీళ్లు తుడవడానికి దేవుడు దిగి రానక్కర్లేదు, పక్కనున్న మనిషి చాలు అని. చప్పట్లు బాగానే పడేవి.

ఆ తిరుగుళ్లలో నా జోడీ నర్సింలు. ఎల్లారెడ్డి అవతల వాళ్ల ఊరు. బోరు కింద వరి వేసుకునే రైతు. నాకంటే బాగా చిన్నవాడు, నా మాటంటే గురి. వాళ్ల నాన్న పోయినప్పుడు తలకొరివి పెట్టనని మొండికేశాడు. వాణ్ణి అలా నిలబెట్టింది నేనే. ఒక్కసారి వంగావంటే ఇన్నాళ్లూ చెప్పిందంతా ఉత్తదే అవుతుందని చెవిలో పోరు పెట్టాను. చివరికి పెదనాన్న కొడుకు కొరివి పట్టాడు. వాళ్లమ్మ లచ్చవ్వ ఊరందరి ముందు కొడుకును నా గడప తొక్కకు అంది. వాడు పెళ్లాం పిల్లలతో ఎల్లారెడ్డిలో అద్దెకు దిగాడు. పొలానికి రోజూ వచ్చిపోయేవాడు. తల్లీకొడుకులకు మాత్రం మాటల్లేవు.

ఒక వానాకాలం సాయంత్రం ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర హోటల్లో ఇద్దరం చాయ్ తాగుతున్నాం. వాడు గ్లాసు కింద పెట్టకుండానే అన్నాడు.

"సార్, మా అవ్వ తప్పేం లేదు సార్. బాపు పోయిన బాధల ఉండె ఆమె. నేను నా పంతమే జూసుకున్న. దసరకు ఇంటికి పోత. కాళ్లు పట్టుకుంట. మా ఇంట్ల గూడ ఇంక చెప్పలే, మీకే చెప్తున్న. ఏమనుకోకున్రి."

ముఖం మాడ్చుకుని బస్సెక్కాను.

వాడు దసరా దాకా బతకలేదు. ముసురు పట్టిన ఒక పొద్దున తడి చేత్తో స్టార్టర్ డబ్బా ముట్టుకున్నాడు. బోరు దగ్గరే ప్రాణం పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిందని, ఒక్కొక్కరు ముందుకొచ్చి మాటిస్తారు. నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ పొలం దున్నకుండా పడావు పెట్టం అని. ఆ రోజు నర్సింలు భార్య మాటిచ్చింది. బావమరిది మాటిచ్చాడు. కాకులు తుమ్మచెట్టు మీది నుంచి కదల్లేదు. లచ్చవ్వ తడినేల మీద కూలబడి, కొడుకా నా మీద కోపం పోలేదా అని ఆ విస్తరినే అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సారూ, ఎప్పటికి నీతోనే ఉంటుండె గద. నా గురించి ఏమన్న అన్నడా? కోపంతోనే పోయిండా?"

మాట నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది.

"అవ్వా, చచ్చిపోయినోళ్లకు కోపాలేముంటయి? పిట్టకు ఆకలైతే తింటది, లేకుంటే లేదు. గంతే."

ఆమె నన్నే చూసింది.

"అంటే నా ముచ్చటే తియ్యలే."

నేను తల దించుకున్నాను. ఆమె దాన్నే జవాబనుకుంది. పిట్ట ఆ విస్తరిని ముట్టనే లేదు.

ఎందుకు చెప్పలేదు? నేను చెప్పి, ఆ వెంటనే కాకి దిగిందంటే చూశారా అంటారని, నా ఇన్నేళ్ల కష్టం మట్టి కొట్టుకుపోతుందని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కొంతే నిజం. నర్సింలు పశ్చాత్తాపపడ్డాడని చెబితే, అసలు వాడి చేత ఆ పని చేయించిందెవడని అందరి కళ్లూ నా మీదే పడేవి. ఆ కళ్లకు భయపడ్డాను. ఛీ, ఏం మనిషిని! పైగా నేను అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. సైన్స్ ప్రకారం సరైన జవాబే. కానీ ఆమె అడిగింది సైన్స్ కాదు, కొడుకును.

ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా చాయ్ పెట్టేది, నా పిల్లల బాగోగులు అడిగేది. తను తినేముందు మొదటి ముద్ద గోడ మీద పెట్టి కాసేపు చూసేది. ఈసారి చెబుదాం అనుకునేవాణ్ణి. చెబితే, ఇన్నాళ్లు ఎందుకు దాచినవని అడుగుతుంది కదా. ఆమె ముందు కూర్చోవడానికే ముఖం చెల్లనివాణ్ణి, దానికేం చెప్పను? ఆలస్యమైన కొద్దీ నోరు మరింత బిగుసుకుపోయింది. అవతల సభల్లో మాత్రం కరుణ గురించి అనర్గళంగా మాట్లాడాను.

ఈ ఎండాకాలం లచ్చవ్వ పోయి, పిట్టకు పెట్టినప్పుడు నేనూ ఉన్నాను. విస్తరి పెట్టి ఇలా వెనక్కి తిరిగారో లేదో, కాకి దిగి ముట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ముసలామెకు ఏ కోరికా మిగల్లేదు, సుఖంగా పోయింది అన్నారు. నేను మాత్రం ఆ కాకి రాకుంటే బాగుండునని కోరుకున్నాను. రాకపోతే ఎవరైనా నన్నడుగుతారు, అప్పుడైనా నోరు తెరుస్తానేమో అని. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అందరితో పాటు కూర్చుని అన్నం తిన్నాను.

కాకిని ఏమనగలను? దానికి ఆకలైంది, తిన్నది. లచ్చవ్వకు కోరిక మిగిలే ఉందని తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు కూడా సిగ్గుగానే ఉంది. అవ్వ తప్పేం లేదు, కాళ్లు పట్టుకుంట అన్నాడు నర్సింలు. మీకు చెప్పాను. ఆమెకు చెప్పలేదు.