మా గడ్డి తొక్కి వెళ్లండి

కాకినాడలో మా ఎదురింట్లో ఒక్కరే ఉండే రిటైర్డ్ నర్సమ్మగారు, పెద్దగా పని పెట్టని గడ్డి కావాలని కడియం నర్సరీల నుంచి తెప్పించి ఇంటి ముందంతా నాటించారు. కొత్తగా నాటిన పిలకల్ని తొక్కితేనే వేళ్లు పట్టుకుంటాయట. గేటు దగ్గర నిలబడి దారిన పోయేవాళ్లందర్నీ పిలిచేవారు.

"ఏవండీ, కాస్త మా గడ్డి తొక్కి వెళ్లండి!"

కాఫీకి పిలిస్తే ఆగుతారేమో గానీ, గడ్డి తొక్కడానికి ఎవరాగుతారు? చెప్పులు విప్పి నేను తొక్కాను. ఆవిడ నా పక్కనే నడుస్తూ, "మెల్లగా తొక్కండి, తొందరేం లేదు" అన్నారు.

తర్వాత నాకు జంగారెడ్డిగూడెం బదిలీ అయింది. మరుసటేడు వెళ్లి చూస్తే, గడ్డి మట్టి కనపడకుండా అల్లుకుంది.

"బాగా పట్టేసిందండీ. ఇంకెవరూ తొక్కక్కర్లేదు" అన్నారు.

గుమ్మం నుంచి గేటు దాకా మాత్రం, ఒక్క మనిషి నడిచేంత వెడల్పున, తొక్కి తొక్కి గడ్డి అరిగిపోయి నేల బోసిగా ఉంది.