తిరుపతి పెట్టె దిగిన మేనమామ

తిరుపతికని బయల్దేరిన మనిషి పాలచెంబు పట్టుకుని నాయుడుపేట ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎట్లుంటుందో ఎప్పుడైనా చూసినారా? మొన్న శుక్రవారం నన్ను చూడాల్సింది!

మా చెల్లెలు కామాక్షి కొడుక్కి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించాలి. వాడికి మేనమామను నేనొక్కణ్ణే. పిల్లోడు నా ఒళ్లో కూర్చోవాలి, మొదటి కత్తెర నేను వేయాలి, అదీ మధ్యాహ్నం వర్జ్యం రాకముందే. మేనమామ లేకుండా పిల్లోడి తలమీద కత్తి పెడితే మా ఇంట్లో ఒప్పుకోరు.

కామాక్షి, బావ, పిల్లోడు, నేను నెల్లూరులో తెల్లారకముందే రైలెక్కినాము. అది మద్రాసు పోయే రైలు. చివరనున్న ఒక్క పెట్టె మాత్రం తిరుపతిది. గూడూరులో దాన్ని విడగొట్టి తిరుపతి బండికి తగిలిస్తారు. మనం దిగే పనే లేదు. కానీ గూడూరు రాంగానే పిల్లోడు పాలకి ఏడ్చినాడు. "తగిలించేదానికి చానా సేపు పడుతుందిలే" అని చెంబు తీసుకుని దిగినా.

పాలు పోయించుకుని వస్తుంటే మద్రాసు పెట్టెలో, కిటికీ పక్కన, మా వీధి చీరెల వ్యాపారి ఖాదర్ సాహెబు కనబడినాడు. నేను ఇంగ్లీషు ట్యూషన్లు చెప్తానని ఆయనకు తెలుసు.

"అయ్యవారూ, ఒక సందేహం. ఈ రైలుపెట్టెను కోచ్ అంటారు. మా వాడికి క్రికెట్ నేర్పించే ఆయన్నీ కోచ్ అంటారు. పెట్టెకీ మనిషికీ ఏం చుట్టరికం?"

అంతే! స్వామి సాక్షిగా చెప్తున్నా, అటువంటి ప్రశ్నకి కిటికీ బయట నిలబడి జవాబు చెప్పడం నావల్ల కాదు. లోపల అంతమంది ఊరికే కూర్చోనుండారు మరి! ఎక్కేసినా.

"హంగేరీ అని ఒక దేశం. అందులో కోచ్ అని చిన్న పల్లె. అక్కడి వాళ్లు మంచి గుర్రబ్బండ్లు చేసినారు. ఊరి పేరే బండికి పడింది. ఒకామె వెంకటగిరి కట్టుకుందంటే ఊరు కట్టుకున్నట్టా? చీరె గదా!"

"ఇదేదో మా వ్యాపారంలోదే!" అన్నాడు సాహెబు.

"గుర్రాలు పోయి ఇంజను వచ్చినా పేరు పోలేదు. రైలుపెట్టె కూడా కోచ్ అయింది. ఆ తర్వాత ఇంగ్లండులో కాలేజీ పిల్లకాయలు, పరీక్ష గట్టెక్కించే అయ్యవారిని ఎగతాళిగా కోచ్ అన్నారు. బండి ఊరు చేర్చినట్టు ఈయన పాసు దాకా చేరుస్తాడని! ఆ మాటే ఆటల్లోకీ పాకింది."

"అయితే మీరూ కోచ్చే!" అన్నారెవరో. అందరూ నవ్వినారు. నాకు ఒళ్లు పులకరించింది. అప్పుడే పెట్టె కదిలింది.

"బండి కదిలిందయ్యా" అంది ఎదురుగా ఉన్న ముసలామె.

"షంటింగ్, అవ్వా. తిరుపతి పెట్టెను విడగొడతా ఉండారు. కొంచెం ముందుకు పోయి వెనక్కొస్తుంది."

మళ్లీ అందుకున్నా. నిమ్మతోటలు వచ్చినాయి, పోయినాయి.

"షంటింగ్ ఇంత దూరం చేస్తారా నాయనా?" అంది అవ్వ.

బయటికి చూసినా. గూడూరు లేదు!

"తిరుపతి పెట్టె ఏదీ?"

"దాన్ని విడిచిపెట్టే గదా బయల్దేరింది!" అన్నాడు సాహెబు. "మీరూ మద్రాసుకే అనుకున్నానే!"

టికెట్టు బావ జేబులో. పిల్లోడి పాలు నా చేతిలో. గొలుసు లాగబోతే సాహెబు చెయ్యి పట్టుకున్నాడు. "ఆగండి! నాయుడుపేటలో దిగి బస్సు పట్టుకోండి. టికెట్టు సంగతి నేను మాట్లాడతా."

మాట్లాడినాడు పాపం. అక్కణ్ణుంచి కాళహస్తి, కాళహస్తి నుంచి తిరుపతి, ఆపైన కొండ బస్సు. పక్కసీటాయనకు నా బాధంతా మొదటినుంచీ చెప్పినా. ఆయన హంగేరీ దగ్గరే నిద్రపోయినాడు. ఇక ప్రతి మలుపులోనూ గోవిందా, గోవిందా!

కల్యాణకట్ట వాకిట్లో బావ నిలబడి ఉన్నాడు.

"ఈసారి నీ కబుర్లకి ఎంతమంది దొరికినారు బావా?" అన్నాడు నన్ను చూడంగానే.

లోపల కామాక్షి కళ్లు ఎర్రగా ఉన్నాయి. క్షవరం చేసే ఆయన, "మామ వస్తాడా రాడా తల్లీ? వెనక జనం ఉండారు" అంటున్నాడు. పరుగున పోయి కూలబడినా. పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకున్నా, కత్తెర వేసినా. వర్జ్యానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. నున్నటి గుండుతో వాడు నా మొహం చూసి నవ్వేసరికి ప్రాణం కుదుటపడింది.

లేవబోతుంటే కామాక్షి భుజం పట్టి కూర్చోబెట్టింది.

"లేవబాక అన్నా. నువ్వు వేళకొస్తే నీ జుట్టు స్వామికిస్తానని రేణిగుంటలో మొక్కుకున్నా."

"నా జుట్టా? నన్నడక్కుండానే?"

"అడిగేదానికి నువ్వు పెట్టెలో ఉంటే గదా!"

"నోరు ఇస్తానని మొక్కుకోనుంటే ఊరంతా బాగుపడేది" అన్నాడు బావ.

స్వామికి మొక్కిన తర్వాత కాదనేదేముంది! తలవంచినా. నా తలకి ఈ తువ్వాలేందని ఇందాకటినుంచి చూస్తా ఉండారు గదా, ఇదీ సంగతి. ఇంకొకటి కూడా ఉంది. సగం తల అయినాక క్షవరం చేసే ఆయన మర్యాదకి, "ఏం పని చేస్తారు సామీ?" అని అడిగినాడు. చెబుదామని గభాల్న తల తిప్పినా.

ఈ చెవిపైన గాటు అదే!